చిన్న జట్లలో చదువు నేర్పుట

"గుంపులో గోవింద" అను సామెత మన బడులలోని చదువుపాఠమునకు వర్తించినంతగా మరెక్కడను వర్తింపదు. ఉపాధ్యాయుడు ఒక వాక్యము చదువును. 30 మంది పిల్లలు ఒక్క గొంతుతో దానిని తిరిగి పలుకుదురు. దారిని పోవు తల్లిదండ్రులు ఆ ధ్వని విని, బడి చక్కగా నడచుచున్నదని సంతోషింతురు. కాని ఆ పిల్లలలో ఎందరి కన్నులు అక్షరముపై ఉన్నవి, ఎందరి చెవులు ప్రక్కవాని మాటపై మాత్రమే ఉన్నవి అను సంగతి ఆ ధ్వనిని బట్టి ఎవరును చెప్పజాలరు. పాఠము కంఠస్థమైన బిడ్డ పుస్తకమును తలక్రిందులుగ పట్టుకొనియు తప్పు లేకుండ అప్పజెప్పగలదు. అట్టి బిడ్డ ఒకటవ తరగతినుండి రెండవ తరగతికి, అచటినుండి మూడవ తరగతికి సాగిపోవును. నాలుగవ తరగతిలో లెక్కల పుస్తకములోని ప్రశ్నను చదువలేక నిలిచిపోయిననాడు గాని లోపము బయటపడదు. అప్పటికి ఆ బిడ్డకు తాను మొద్దునను నమ్మకము కుదిరియుండును. అక్షరము నేర్పుటకన్న ఆ నమ్మకమును తొలగించుట కష్టము.

చదువుట యనునది కన్ను, చెవి, నోరు, మనస్సు కలిసి చేయు పని. అది ఒక్కొక్క బిడ్డలో ఒక్కొక్క వేగమున కుదురును. పాటను మూకుమ్మడిగ నేర్పవచ్చును. ఎక్కములను వల్లె వేయింపవచ్చును. చదువుటను మాత్రము ఏ బిడ్డకు ఆ బిడ్డయే సాధింపవలెను. కావుననే తరగతిని ఐదారుగురు పిల్లలు గల చిన్న జట్లుగ విభజించి, ఉపాధ్యాయుడు ఒక్కొక్క జట్టును చెంత కూర్చుండబెట్టుకొని చదివించు పద్ధతి అనేక బడులలో అమలునకు వచ్చినది. ఈ పద్ధతిని గూర్చి మాటలాడునపుడు అందరి దృష్టియు ఉపాధ్యాయుని చెంతనున్న ఆ ఐదారుగురి మీదనే నిలుచును. మేము మనవి చేయదలచినది తక్కిన ఇరువదినలుగురిని గూర్చి. వారికి తగిన పనియు, ఆ పనిని తమంత తాము చేసికొను అలవాటును ఉన్నచో పద్ధతి ఫలించును. లేనిచో జట్టుచదువు రెండు దినములు జరిగి, మూడవనాటికి తరగతి మరల గుంపుపాటకే వచ్చును.

మొదట లెక్క చూతము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెను; అనగా 30 మందికి ఒక్కరు. 40 నిమిషముల పాఠములో ఒక్కొక్కరిచేత విడివిడిగ చదివించినచో ఒక్కొక్క బిడ్డకు వచ్చునది 1 నిమిషము 20 సెకనులు. ఆ కాలమున తక్కిన 29 మంది ఏమి చేయుచుందురో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ ఇద్దరు ఉపాధ్యాయుల బడిలో ఐదు తరగతులు ఉన్నవని కూడ మరువరాదు. ఒకటి రెండు తరగతులు ఒకే గదిలో కలిసి కూర్చుండుట మన పల్లెలలో నిత్యము చూచునదే. అట్టి గదిలో అందరిచేతను ఒకే పుట తెరపించి చదువు చెప్పుట ఎట్లును సాధ్యము కాదు. అచట జట్లు గత్యంతరము లేక వచ్చినవి.

జట్టును ఎట్లు కట్టవలెను? బిడ్డకు ప్రస్తుతము కావలసినదేమియో దానిని బట్టి కట్టవలెను. మూడవ తరగతి పిల్లలు ముగ్గురిని తలచుకొందము. మొదటి బిడ్డ "కాకి" అను మాటను చూచి "క" అని ఆగి, దీర్ఘమును గుర్తించి, మరల ఆగి, గుడిని వెదకుకొనును. ఈ బిడ్డకు అక్షరములు వచ్చును, గుణింతము స్థిరపడలేదు. రెండవ బిడ్డ "కాకి", "పలక" సుళువుగ చదువును. "పుస్తకము", "సూర్యుడు" అను మాటలవద్ద చిక్కుకొనును. ఈ బిడ్డకు వత్తులే అడ్డంకి. తెలుగులో ఇది చిన్న అడ్డంకి కాదు. త, న, మ, య, ర, ల వంటి అక్షరముల వత్తులు తమ మూలాక్షరములను పోలియుండవు. బిడ్డ వానిని క్రొత్త గుర్తులుగనే నేర్చుకొనవలెను. మూడవ బిడ్డ పుటయంతయు గడగడ చదివి ముగించును. కథలో నక్క ఎందుకు పారిపోయినదని అడిగినచో నోరు మెదపదు. ఈ ముగ్గురిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి ఒకే పాఠము చెప్పినచో కనీసము ఇద్దరి కాలము వ్యర్థమగును.

బిడ్డ అవసరము తెలిసికొనుటకు పెద్ద పరీక్ష అక్కరలేదు. ప్రథమ్ సంస్థ 2005లో ఆరంభించిన అసర్ సర్వేలో చదువును పరీక్షించు సాధనము ఒక్క కాగితము మాత్రమే. అందులో విడి అక్షరములు, చిన్న మాటలు, ఒకటవ తరగతి స్థాయి గల చిన్న పేరా, రెండవ తరగతి స్థాయి గల కథ ఉండును. బిడ్డ వీనిలో దేనివరకు సుళువుగ చదువగలదో అదియే ఆ బిడ్డ మెట్టు. ఒక్కొక్క బిడ్డకు కొద్ది నిమిషములు చాలును. దినమునకు ఐదారుగురిని పిలిచినచో వారము దినములలో తరగతియంతయు పూర్తియగును. ఐతే మెట్టు తెలిసినంతనే తృప్తిపడరాదు. బిడ్డ ఎచట ఆగినది, "మ"ను "య"గ చదివినదా, "ప"ను "ష"గ చదివినదా, వత్తును వదలినదా అని ఉపాధ్యాయుడు తన పుస్తకములో గుర్తు పెట్టుకొనవలెను. జట్టు కట్టుటకు ఆ గుర్తులే ఆధారము.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. తెలంగాణములో ఒక బిడ్డ పుస్తకములో "వచ్చాడు" అని ఉన్నచోట "వచ్చిండు" అని చదివినచో, ఆ బిడ్డ అక్షరములనుండి అర్థమును గ్రహించి తన ఇంటి మాటలో పలికినదని తెలిసికొనవలెను. "మామ"ను "మాయ" అని చదివి, వాక్యమునకు అర్థము కుదరకున్నను ముందునకు సాగిపోవు బిడ్డ స్థితి వేరు. మొదటి బిడ్డను మాటమాటకు ఆపి దిద్దినచో చదువుపై గల ఇష్టము పోవును. రెండవ బిడ్డను ఆపకున్నచో తప్పు స్థిరపడును. అట్లే కోయ, గోండి, సవర భాషలు మాటలాడు ఇండ్లనుండి వచ్చిన పిల్లలు తెలుగు మాట తెలియక ఆగినపుడు దానిని అక్షరలోపముగ లెక్కింపరాదు. వారికి ముందు మాట, పిదప అక్షరము.

ఇట్టి పద్ధతులన్నియు పరదేశములనుండి వచ్చినవని కొందరి తలంపు. చరిత్ర వేరుగ చెప్పుచున్నది. 1822లో మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో, మదరాసు రాజధానియందలి దేశీయ పాఠశాలల లెక్క సేకరింపవలసినదని కోరెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు తెలిపెను; అనగా బడికి సుమారు పన్నెండుమంది. పిల్లలు వ్రేలితో ఇసుకలో అక్షరములు దిద్దుటను ఆయన వర్ణించెను. పైమెట్టు పిల్లలు క్రిందిమెట్టు వారికి చెప్పు ఏర్పాటును మెచ్చుకొనెను. అంతకు ముందే మదరాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమమునకు అధిపతిగ నుండిన ఆండ్రూ బెల్ దేశీయ బడి పిల్లలు ఇసుకపై వ్రాయుటను చూచి, ఆ వ్రాతను తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, పిల్లలచేత పిల్లలకు చెప్పించి, ఆ అనుభవమును 1797లో లండనులో ప్రకటించెను. ఇంగ్లండులో దానికి మదరాసు పద్ధతి యని పేరు వచ్చినది. కాని అచట అది పెద్ద హాలులలో వందలకొలది పిల్లలను ఒక్క ఉపాధ్యాయునికి అప్పగించు చౌక ఉపాయముగ మారినది. పిల్లవాడు తోటి పిల్లవానికి చెప్పుట మంచిదే. ఉపాధ్యాయుడు ప్రతి బిడ్డ చదువును స్వయముగ వినుట మానినచో అదియును గుంపుపాటయే యగును.

ఈ చిక్కును మన కాలమున విప్పజూచిన ప్రయత్నము మదనపల్లె సమీపమున ఋషివ్యాలీలో జరిగినది. అచటి గ్రామీణ విద్యాకేంద్రమున పద్మనాభరావు, రమ గార్లు చుట్టుప్రక్కల పల్లెలలోని చిన్న బడుల కొరకు పాఠ్యపుస్తకమును కార్డులుగ విడగొట్టిరి. గోడపై ఒక నిచ్చెన పటము. దానిపై చదువు మెట్లు. ప్రతి కార్డుపై ఒక బొమ్మ గుర్తు. బిడ్డ పటమును చూచి తన మెట్టు తెలిసికొని, తన కార్డును తీసికొని, తన జట్టులో కూర్చుండును. ఒక జట్టు పూర్తిగ ఉపాధ్యాయుని సహాయముతో నేర్చుకొనును. ఒకదానికి కొంత సహాయము చాలును. మరియొకటి తోటి పిల్లల సహాయముతో సాగును. వేరొకటి తమంత తామే చేసికొనును. కర్ణాటకమున హెగ్గడదేవనకోట తాలూకాలో 1995లో ఆరంభమైన "నలి కలి" కార్యక్రమమునకును, 2003 నుండి చెన్నై నగరపు బడులలో అమలైన కృత్యాధార బోధనకును ఇచటినుండియే స్ఫూర్తి లభించినది. నిచ్చెన పటము యొక్క విలువ ఎచటనున్నది? "ఇది అయినది, తరువాత ఏమి చేయవలెను?" అను ప్రశ్నకు బిడ్డ ఉపాధ్యాయుని అడుగకయే సమాధానము పొందగలుగుటయం దున్నది. ఉపాధ్యాయుని పదునైదు నిమిషములను కాపాడునది ఆ సౌకర్యమే.

కార్డులు లేని తరగతిలోను ఈ సూత్రమును పాటింపవచ్చును. విడిగ కూర్చున్న పిల్లలకు ఇచ్చు పని వారికి ముందే తెలిసినదై యుండవలెను. క్రొత్త పాఠము ఉపాధ్యాయుని చెంత. పాత పాఠము విడిగ. ఇద్దరిద్దరుగ కూర్చుండి ఒకరు చదువగా వేరొకరు వ్రేలు పెట్టి చూచుట, మాటల అట్టలను జతపరచుట, ఒకరు చెప్పగా ఒకరు పలకపై వ్రాసి దిద్దుకొనుట, చదివిన కథకు బొమ్మ వేసి క్రింద ఒక వాక్యము వ్రాయుట, గ్రంథాలయపు సంచినుండి ఇష్టమైన పుస్తకము తీసికొని చదువుట: ఈ ఐదు పనులు చాలును. దినమున కొక క్రొత్త పని కనిపెట్టనక్కరలేదు. పని మారినపుడెల్ల దానిని వివరించుటకే కాలము పోవును. పని అదియే యుండి అందులోని మాటలు, కథలు మారినచో బిడ్డ తడబడదు. పుటలకొలది చూచి వ్రాయుటను మాత్రము పనిగ ఇయ్యరాదు. అది చేతిని అలయించును గాని చదువును పెంచదు.

అలవాట్లు కుదురుటకు ముందే జట్లు ఆరంభించుట తొందరపాటు. మొదటి రెండు వారములు ఉపాధ్యాయుడు ఏ జట్టును దగ్గరకు పిలువక, గదిలో తిరుగుచు ఆ ఐదు పనులను పిల్లలచేత చేయించుట మంచిది. మొదటి దినము ఐదు నిమిషములు, పిదప పది, ఆ పిదప పదునైదు. బలపములు ఎచట ఉండును, పుస్తకము తిరిగి ఎచట పెట్టవలెను, నీళ్ళకు వెళ్ళువారు ఎట్లు వెళ్ళవలెను అను చిన్న సంగతులే పెద్ద ఆటంకములు. సందేహము వచ్చినచో మొదట పుస్తకమును చూడవలెను. పిదప ప్రక్కవారిని, ఆ తరువాత జట్టు పెద్దను అడుగవలెను. చివరకే ఉపాధ్యాయుని యొద్దకు రావలెను. ఉపాధ్యాయుడు గోడకు వీపు పెట్టి, గదియంతయు కనుపించునట్లు కూర్చుండవలెను. కంటిచూపు చేరినచోటికి కేక అక్కరలేదు. మెల్లని మాటల సందడి ఉండనే ఉండును. ఆ సందడిని చూచి తరగతి చెడిపోయినదని ప్రధానోపాధ్యాయులు గాని తనిఖీకి వచ్చిన అధికారులు గాని తలపరాదు. ముప్పదిమంది మౌనముగ నుండి ఒక్కరు చదువుటకన్న, పదునైదు జంటలు మెల్లగ చదువుట మేలు.

ఇక చెంతనున్న జట్టు సంగతి. పదునైదు నిమిషములలో మొదటి రెండు మూడు నిమిషములు తెలిసిన పుటను చదివించి ధైర్యము కలిగింపవలెను. నాలుగైదు నిమిషములు ఆ జట్టునకు కావలసిన అక్షరముపైననో, వత్తుపైననో వెచ్చింపవలెను. ఆ పిదప క్రొత్త పుటను ప్రతి బిడ్డయు తనలో తాను మెల్లగ చదువుచుండగ, ఉపాధ్యాయుడు ఒక్కొక్కరివైపు వంగి వినవలెను. ఒకరి తరువాత ఒకరు బిగ్గరగ చదువు పద్ధతిలో ఒకరు చదువునపుడు ఐదుగురు ఊరకుందురు. చాలమంది తమ వంతు ఎపుడు వచ్చునా యని వాక్యములు లెక్కించుకొందురు గాని కథ వినరు. చివరి రెండు నిమిషములు అర్థమును గూర్చి మాటలాడవలెను. "నక్క ఎందుకు పారిపోయినది? నీవైనచో ఏమి చేసియుందువు?" అని అడుగనిదే పాఠము ముగిసినట్లు కాదు.

వారమునకు ఎన్ని పర్యాయములు? ఐదు జట్లు ఉన్నవనుకొందము. దినమునకు రెండు జట్లను పిలిచినచో ఆరు దినములకు 12 పర్యాయములు. వీనిని సమముగ పంచుట న్యాయమువలె తోచును గాని, అవసరమును బట్టి పంచుటయే న్యాయము. అందరికన్న వెనుకనున్న జట్టునకు నాలుగు, తరువాతి దానికి మూడు, నడిమి రెండింటికి రెండేసి, ధారాళముగ చదువు జట్టునకు ఒకటి. బాగుగ చదువువారికి ఆ ఒక్క పర్యాయమున ఒక కథల పుస్తకము చేతికిచ్చి, దానిని గూర్చి మాటలాడిన చాలును. వారము పొడవునను చదువుకొనుచునే ఉందురు.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదము దాగియున్నది. జట్టు బిడ్డకు పేరుగ మారుట ఆ ప్రమాదము. "వెనుక జట్టువాడు" అను మాట ఒకసారి తగిలినచో ఏండ్ల తరబడి వదలదు. జట్లకు మల్లె, మందారము అని పేర్లు పెట్టినంతమాత్రమున పిల్లలు మోసపోరు. ఏ పూవు వెనుకబడినదో మూడు దినములలో గ్రహింతురు. జట్లు కదలుచుండుటయే దీనికి మందు. నాలుగు వారముల కొకసారి మరల చదివించి విని, వత్తులు కుదిరిన బిడ్డను ఆనాడే ముందు జట్టునకు పంపవలెను. లెక్కలలో, ఆటలో, పాటలో, బొమ్మలలో వేరు జట్లు కట్టవలెను. చదువులో వెనుకనున్న బిడ్డ లెక్కలలో నాయకుడు కావచ్చును. తరగతి దానిని చూడవలెను. ఆరు నెలలు గడచినను ఒక్క బిడ్డయైన జట్టు మారనిచో లోపము బిడ్డలలో కాక ఏర్పాటులో వెదకవలెను.

2021 జూలై 5వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము, మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థముతో చదువగలుగుటను 2026-27 నాటికి సాధింపవలెనని లక్ష్యముగ పెట్టుకొన్నది. "ప్రతి బిడ్డ" అను మాటను ఉత్తర్వులో వ్రాయుట సుళువు. తరగతిలో దానికి అర్థము, ఒక బిడ్డ ఒక ఉపాధ్యాయుని యెదుట కూర్చుండి చదువుట, ఆ ఉపాధ్యాయుడు వినుట. చిన్న జట్టు ఆ వినుటకు వ్యవధి కల్పించు ఏర్పాటు.

వినుచున్న తల్లిదండ్రులకు ఒక మనవి. "నీవు ఏ జట్టులో ఉన్నావు? ఎదురింటి పిల్ల ఏ జట్టులో ఉన్నది?" అని బిడ్డను అడుగకుడు. "ఈ దినము ఏ కథ చదివితివి? అందులో ఏమి జరిగినది?" అని అడుగుడు. దినమునకు పది నిమిషములు బిడ్డ బిగ్గరగ చదువగ విను మనిషి ఇంటిలో ఒకరుండవలెను. ఆ మనిషికి చదువు వచ్చియుండవలెనను నియమము లేదు. నాయనమ్మకు అక్షరము రాకున్నను కథ వినుట వచ్చును. "ఊ" కొట్టుట వచ్చును. కథ అడ్డముగ పోయినచో "అదేమిరా, మరల చదువుము" అనుట వచ్చును. బిడ్డ ఒక మాటవద్ద ఆగినచో వెంటనే అందింపక, మనసులో ఐదు లెక్కపెట్టునంతసేపు ఆగుడు. చాలసార్లు బిడ్డ తానే ఆ మాటను పట్టుకొనును. అట్లు పట్టుకొన్న మాట మరల జారిపోదు.

బడిలో పదునైదు నిమిషములు, ఇంటిలో పది నిమిషములు. ఈ రెంటికిని ధనము అక్కరలేదు, ఓర్పుతో విను చెవి కావలెను. ఈ ప్రసంగము ముగిసినంతనే రేడియో కట్టి, బిడ్డను పుస్తకముతో దగ్గరకు పిలువుడు.